ఊపిరి కూడా కొనుక్కోవాల్నా?

ఉబ్బసానికి కొత్త సూదిమందులు వచ్చినాయని పేపర్లు రాస్తున్నాయి. ఆ సూది ఏం చేస్తుందో, ఎవరికి చేస్తుందో మన పల్లెల్లో చెప్పేవాళ్లు లేరు. అందుకే మేం రాస్తున్నాం.

వీటిని బయోలాజిక్స్ అంటారు. అమెరికాలో ఒమాలిజుమాబ్‌కు 2003లో, మెపోలిజుమాబ్‌కు 2015లో అనుమతి వచ్చింది. డుపిలుమాబ్‌కు ఉబ్బసం కోసం 2018లో ఇచ్చారు. ఊపిరిగొట్టాలను వాపెక్కించే పదార్థాన్ని గురిచూసి ఆపడం వీటి పని. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో, డాక్టర్లు దాన్నే ఊపిరి బలంగా కొలుస్తారు. డుపిలుమాబ్ పరీక్షలో 12 వారాలకు, ఉత్తి సూది వేసుకున్నోళ్లకంటే ఆ గాలి సుమారు 140 మిల్లీలీటర్లు పెరిగింది. టీ గ్లాసుడు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆయాసం ఎగదన్నడం దాదాపు సగం తగ్గింది. కూలోనికి ఆ సగమే లెక్క: పోయే పనిదినాలు, స్టెరాయిడ్ మాత్రలతో గుల్లబారే ఎముకలు.

అయితే ఇవి అందరికీ కావు. ఎలర్జీ ఉన్నోళ్లకు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు ఎక్కువున్నోళ్లకు బాగా పనిచేస్తాయి. కుప్పం గ్రానైట్ క్వారీల్లో రాతిదుమ్ము మింగి గట్టిబడిన ఊపిరితిత్తులకు ఏ సూదీ పనికిరాదు. అక్కడ కావాల్సింది నీళ్లు చల్లి రాయి కొయ్యడం. ఆ ఖర్చు యజమానిది, దగ్గు మాత్రం మాలమాదిగలది!

ధర? వేలల్లో, నెలనెలా. సరే, అది తర్వాతి మాట. 2019 లెక్కల ప్రకారం ప్రపంచ ఉబ్బసం రోగుల్లో మన దేశంవాళ్లు 13 శాతం, చావుల్లో మాత్రం 42 శాతం పైనే. వీళ్లంతా ఖరీదైన సూది లేక చావలేదు. రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అందక చచ్చినోళ్లే ఎక్కువ. మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందుకు బారులు తీరే జనాన్ని చూసి చదువుకున్నోళ్లు నవ్వుతారు. ఉచితంగా చేతికందేది అదొక్కటైతే జనం ఎక్కడికి పోతారు? మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వందేళ్ల కిందటే ఊపిరితిత్తుల జబ్బుకు శానిటోరియం నడిచింది. అప్పుడు చేయగలిగింది ఇప్పుడెందుకు చేయలేరు?

మీ పీహెచ్‌సీకి పోయి అడగండి: పీల్చే స్టెరాయిడ్ ఉందా? ఊదించి కొలిచే యంత్రం ఏ ఆస్పత్రిలో ఉంది? నెలల తరబడి ఇన్‌హేలర్ సరిగా పీల్చినా తగ్గనోళ్లకు బయోలాజిక్ సూది ఎవరిస్తారు? లేదంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితాలు మాకు పంపండి, అచ్చేస్తాం.