ఉల్లిపాయలకు చోటేది?

సోమవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ తడిచెత్త డబ్బా చూసి ఒళ్లు మండిపోయింది. ముడి కూడా విప్పని కవర్లలో జిగురైపోయిన తోటకూర, నల్లబడ్డ కొత్తిమీర కట్టలు, బూజు పట్టిన టమాటాలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం మన ఇళ్లల్లో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలోకి పోతోంది. డబ్బా చూశాక ఆ లెక్క మీద నాకే అనుమానమూ లేదు.

నా కోపమంతా ఫ్రిజ్ మీది గుడ్డి నమ్మకం మీద. కోశాక కూడా కూరగాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, చెమ్మ వదులుతూనే ఉంటుంది. కవరు మూతి బిగిస్తే ఆ చెమ్మ నీటిబొట్లయి తిరిగి దాని మీదే పడుతుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే. అంగట్లో నిగనిగలాడాలని నీళ్లు చల్లిన ఆకుకూరనైతే తెచ్చిన వెంటనే ఆరబెట్టి నూలు గుడ్డలో చుట్టాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

ఇక టమాటా. మదనపల్లెలోనో పత్తికొండలోనో ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోస్తే అయ్యో అంటాం. కోతలోనూ ఆ తర్వాతా కలిపి నూటికి 12కు పైగా టమాటా నష్టమవుతోందని లూధియానాలోని సిఫెట్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. ఆ గండం దాటి మన గడప తొక్కిన కాయను తిన్నగా చలిలోకి తోస్తున్నాం. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు పండిన టమాటాలను 5 డిగ్రీల దగ్గర వారం ఉంచి చూశారు. వాసననిచ్చే పదార్థాలు బాగా తగ్గాయి, బయట పెట్టాక కూడా పూర్తిగా కోలుకోలేదు. చారు చప్పగా ఉందని మనం హైబ్రిడ్ విత్తనాన్ని తిడుతున్నాం! వెడల్పాటి పళ్లెంలో, తొడిమ వైపు కిందికి పెట్టి, ఒకే వరసగా నీడన ఉంచితే చాలు. మన ఎండలకు ఎక్కువ రోజులు ఆగవు, నిజమే. అందుకే కిలోలకు కిలోలు కాకుండా అరకిలో చొప్పున కొనమంటున్నాను.

ఉల్లిపాయల మీద బంగాళాదుంపలు పోయకండి. దుంపల చెమ్మకు ఉల్లి మొలకెత్తుతుంది, మెత్తబడుతుంది. మాగిన మామిడి, అరటి పక్కన కీరదోస పెడితే త్వరగా పసుపెక్కుతుంది.

అయినా వండేవాళ్లను అని ఏం లాభం? ఉల్లిగంపకు గాలి తగిలే చోటేది? పాత ఇళ్లల్లో వసారా ఉండేది, ఉట్టి ఉండేది, గోడలో గూడు ఉండేది. ఇప్పటి ఫ్లాట్లలో గాలి చొరని అరలకు మెరిసే తలుపులు బిగించి మాడ్యులర్ కిచెన్ అంటున్నారు. యుటిలిటీ అన్నది వాషింగ్ మెషీన్‌కే సరిపోదు. 2016 నాటి రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా లెక్క పక్కాగా చెబుతున్నారు, క్లబ్‌హౌస్‌కు రంగుల బొమ్మలు అచ్చేస్తున్నారు. వంటింట్లో ఎండ పడని వైపు జాలీ పెట్టిన రెండడుగుల గూడు కట్టడానికి బిల్డర్‌కు ఏం ఖర్చవుతుంది? కొనేవాళ్లు అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే అడగాలి. ఇల్లు చేతికొచ్చాక గోడకు కన్నం పెడతామంటే అసోసియేషన్ ఒప్పుకోదు.