పుట ఎవరి బాధ్యత? పాఠ పరిష్కరణలో అక్షరకూర్పు

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ప్రతులను ముందు పెట్టుకొని అక్షరం అక్షరం పోల్చి చూస్తాడు. అరసున్న ఉన్నదా లేదా, శకటరేఫమా సాధురేఫమా అని రోజుల తరబడి తర్కిస్తాడు. ఆ శ్రమనంతా చివరకు ఒక డీటీపీ కేంద్రానికి అప్పగించి అచ్చుచిత్తు కోసం ఎదురుచూస్తాడు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల తెలుగు అధ్యాపకులకు ఈ దారి చిరపరిచితం. సొంతంగా టైపు చేసుకోగలవారు వర్డ్ ప్రాసెసరుతో సరిపెట్టుకొంటారు. ఈ రెండు పద్ధతులూ పాఠ పరిష్కరణకు చాలవు. పుటను కూర్చడం పరిష్కర్త పనిలో భాగమే. ఆ పనికి తగిన సాధనం లేటెక్.

డీటీపీ కేంద్రాల్లో చిరకాలం వాడుకలో ఉన్న అను వంటి ఫాంట్లలో కంప్యూటరు దాచుకొనేది తెలుగు అక్షరాన్ని కాదు, దాని ఆకారపు ముక్కలను. ఫాంటు లేని యంత్రంలో ఆ దస్త్రాన్ని తెరిస్తే రోమన్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. పదాన్ని వెతకడానికి గాని, అకారాది క్రమంలో పేర్చడానికి గాని అది పనికిరాదు. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికింది. ౘ, ౙలు కూడా 2008లో వచ్చి చేరాయి. ఇంకా పాత సంకేతాల్లో సిద్ధాంత గ్రంథాన్ని కూర్పించుకోవడం తెలిసి చేసే తప్పు.

యూనికోడ్‌లో వర్డ్ వాడుతూనే ఉన్నాము కదా, ఇంకేమి కావాలని అడిగేవారున్నారు. ఉత్తరానికీ ప్రశ్నపత్రానికీ ఏమీ అక్కరలేదు. కాని ఒక ఉత్పలమాలకు మూడు ప్రతుల పాఠాంతరాలను, వాటి కింద విడిగా అర్థవివరణను, ఆ కింద సంపాదకుని వ్యాఖ్యను ఇవ్వవలసి వస్తే? వర్డ్ పుట అడుగున అధోజ్ఞాపికలకు ఒకే వరుస ఇస్తుంది. పాఠాంతరాన్ని పద్యసంఖ్య, పాదసంఖ్యలతో ముడిపెట్టడం దానికి చేతకాదు. ఆ అంకెలను పరిష్కర్త చేత్తో వేసుకొంటాడు. నడుమ ఒక పద్యం ప్రక్షిప్తమని తేలి తొలగించాడో, ఆ తరువాతి అంకెలన్నీ తప్పుతాయి. అప్పుడు తప్పు పండితునిదే అవుతుంది, సాధనానిది కాదు.

సరిగ్గా ఈ అవసరం కోసమే భారతీయ వైద్యశాస్త్ర చరిత్రకారుడు, సంస్కృత పండితుడు అయిన డొమినిక్ వుయాస్టిక్, జాన్ లావన్యీనోతో కలిసి టెక్‌పై నడిచే ఎడ్‌మాక్‌ను రూపొందించాడు. దాని వారసత్వం నేడు లేటెక్‌లో రెలెడ్‌మాక్‌గా అందుబాటులో ఉన్నది. పంక్తులను యంత్రమే లెక్కిస్తుంది. పాఠాంతరాలు ఒక శ్రేణిగా, వ్యాఖ్య మరొక శ్రేణిగా పుట అడుగున వాటంతట అవే అమరుతాయి. జీటెక్ తోడైతే పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లతో తెలుగు పుట సిద్ధమవుతుంది. ఇవన్నీ ఉచితం. ఇది ప్రాచీన కావ్యాలకే పరిమితం కాదు. లంక గ్రామాల్లో సేకరించిన ఊడ్పు పాటను ఇద్దరు గాయనులు రెండు విధాలుగా పాడితే అవీ పాఠాంతరాలే.

పరిశోధన వ్యాసాల సంపుటాలు చదివేవారు పంక్తి నడుమ అకారణంగా నిలిచిపోయిన చిన్నగీతను చూసే ఉంటారు. ఒకప్పుడు పంక్తి చివర పదాన్ని విరవడానికి ఆపరేటరు చేత్తో వేసిన గీత అది. దిద్దుబాట్లలో పంక్తి జరిగింది, గీత జరగలేదు. టెక్ గీతను మూలపాఠంలో చేర్చదు. పేరా మొత్తాన్ని పరిశీలించి ఎక్కడ విరవాలో ప్రతిసారీ కొత్తగా నిర్ణయిస్తుంది. దీర్ఘసమాసాల భాషకు ఇది చిన్న సౌకర్యం కాదు.

రచయిత కూర్పు పనిలోకి దిగడం వింతేమీ కాదు. తన గ్రంథం అచ్చుచిత్తులు అందవికారంగా వచ్చాయని 1977లో డొనాల్డ్ నూత్ టెక్ నిర్మాణానికి పూనుకొన్నాడు. అంతకు శతాబ్దం ముందే, ఇదే గోదావరి తీరాన, 1874లో ప్రారంభించిన వివేకవర్ధనిని తొలుత చెన్నపట్నంలో అచ్చు వేయించిన కందుకూరి వీరేశలింగం, తరువాత రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం పెట్టుకొన్నాడు. కోనసీమ అగ్రహారాల ఘనపాఠులైతే పదాలను ముందుకూ వెనక్కూ జతపరిచి వల్లిస్తూ పాఠాన్ని తామే కాపాడుకొన్నారు, మరొకరి చేతిలో పెట్టలేదు.

నేర్చుకోవడం కష్టమన్న అభ్యంతరం నిజమే. తొలి నెల విసుగు పుట్టిస్తుంది, దోషసూచనలన్నీ ఆంగ్లంలో వస్తాయి. అయితే భ-ర-న-భ-భ-ర-వ అని గణాలు గుర్తుపెట్టుకొని పదో అక్షరం దగ్గర యతి వెతికే అధ్యాపకునికి పది ఆదేశాలు భారమవుతాయా? పత్రికలు వర్డ్ దస్త్రాన్నే అడుగుతాయన్నది మరింత బలమైన అభ్యంతరం. ఆ పత్రికల సంపాదకవర్గాల్లో ఉన్నది తెలుగు శాఖల ఆచార్యులే కనుక ఆ నియమం మార్చడం కూడా వారి చేతిలోనే ఉన్నది. పర్యవేక్షకులు దిద్దడానికి పీడీఎఫ్ అచ్చుప్రతి, ఎర్రసిరా కలం చాలు.

సమర్పణ గడువు దగ్గరపడిన సిద్ధాంత గ్రంథంతో ఈ ప్రయోగం చేయడం అవివేకం. ఒక శతకంతో మొదలుపెట్టవచ్చు. నూరు పద్యాలు, రెండు ప్రతులు, ఒక వేసవి సెలవు. మూడు ఊళ్ల కళాశాలల తెలుగు శాఖలు పనిని పంచుకొని, పీడీఎఫ్‌తో పాటు మూల దస్త్రాన్నీ భద్రపరచాలి. రేపు ఏ అటక మీదో మూడో ప్రతి దొరికితే, అప్పటి పరిశోధకుడు మొదటి పద్యం నుంచి మళ్లీ టైపు చేయకుండా దాని పాఠాంతరాలను అందులోనే చేర్చుకొంటాడు.