కారులో చేరిన కడలి ఇసుక

ఇంటింటా ఇంజనీరింగు

సూరత్‌లో ఉద్యోగరీత్యా నివసించే మన కుటుంబాలకు ఆదివారపు సాయంత్రం అనగానే డుమస్ తీరం జ్ఞప్తికి వస్తుంది. నగరానికి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్ల దూరాన, తపతీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువగా ఉన్నదీ తీరం. వేడివేడి టమాటా భజియాలు ఆరగించి, సూర్యాస్తమయం తిలకించి సంతోషంగా ఇంటికి మరలివస్తాము. మనతోపాటు ఆహ్వానం లేని అతిథి ఒకరు కారులో కూర్చుని వస్తారు. ఆ అతిథి ఇసుక. ఇది స్వల్ప విషయమని నేనూ చాలాకాలం భావించాను.

కొన్నేళ్ళ క్రితం శీతకాలంలో ఒకనాడు మా మనవరాలు అలల అంచున ఆడి, తడి కాళ్ళతోనే వెనుక సీటు ఎక్కింది. ఇంటికి వచ్చి చూస్తే సీటు నిండా నల్లని ఇసుక. వెంటనే బకెట్టుతో నీళ్ళు తెచ్చి, బ్రష్షు పట్టుకున్నాను. నా శ్రీమతి భీమిలి ఆడపడుచు. “ఏమండీ, తడి ఇసుకను తోమితే పోతుందా? ఎండనివ్వండి, దులిపితే అదే రాలుతుంది” అన్నది. యంత్రాల నిర్వహణలో మూడు దశాబ్దాలు గడిపిన నాకు ఆ మాట చెవికెక్కలేదు.

ఫలితం వర్షాకాలంలో తెలిసింది. కారులో ముక్క వాసన మొదలైంది. తివాచీ ఎత్తి చూస్తే అడుగు రేకు తుప్పు పట్టి ఉన్నది. అంతకంటె భయపెట్టిన సంగతి వేరొకటి. ఒక ఉదయం మనవరాలిని బడికి తీసుకువెళ్తుండగా, “తాతయ్యా, ఇది టిక్కుమనడం లేదు” అన్నది. సీటు బెల్టు నాలుక బకిల్‌లో పూర్తిగా దిగడం లేదు. లోపల ఇసుక రేణువులు! నేను పోసిన నీరే వాటిని లోపలికి చేర్చింది. బకిల్ మార్పించేవరకు ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆలోచిద్దాము. తడి రేణువుల నడుమ నిలిచిన పలుచని నీటి పొర తలతన్యత చేత వాటిని కలిపి పట్టుకుంటుంది. పిల్లలు కట్టే పిచ్చుక గూళ్ళు నిలిచేది ఆ బలంతోనే. నీరు ఆరితే ఆ పట్టు సడలుతుంది. కనుక ఇసుకకు విరుగుడు ఎండ. ఉప్పు సంగతి ఇందుకు భిన్నం. అది ఆరినా పోదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే చెమ్మను పీల్చి తానే ద్రవమవుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెప్పే పాఠం ఇదే. ఉప్పుకు విరుగుడు నీరు. ఇసుకను పొడిగా తీసి, ఆ పిమ్మటే ఉప్పును తడితో తీయాలి. నేను ఈ క్రమాన్ని తలకిందులు చేశాను.

ఇక ఆచరణ. కారు ఎక్కకముందే పిల్లల కాళ్ళకు కొద్దిగా టాల్కం పౌడరు అద్ది తుడిస్తే, అది చెమ్మను పీల్చుకుని ఇసుక సులభంగా రాలిపోతుంది. మరునాడు కాలిపట్టాలు బయట దులిపి, తలుపులు తెరచి కారును ఎండలో ఉంచండి. పిదప పై నుండి కిందికి రండి. ముందు డాష్‌బోర్డు, తరువాత సీట్లు, చివర నేల. డాష్‌బోర్డును పొడిగుడ్డతో రుద్దవద్దు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, గాజుది సుమారు 5.5. కనుక గీతలు తప్పవు. మెత్తని కుంచెతో కదిలిస్తూ వాక్యూమ్ క్లీనర్‌తో లాగండి. సీటును పూర్తిగా ముందుకు, తరువాత వెనుకకు జరిపి పట్టాల సందులు శుభ్రం చేయండి. సీటు కింది పసుపు రంగు తీగలు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని లాగవద్దు.

బకిల్‌లో నూనె మాత్రం వేయకండి, నూనె ఇసుకను మరింత పట్టి ఉంచుతుంది. వాక్యూమ్‌తో లాగినా టిక్కుమనకుంటే మార్పించడమే క్షేమం. అన్నీ ముగిశాక గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ఆరనివ్వండి.

పిల్లలకు ఒక వినోదం. తపతి మధ్యప్రదేశ్‌లోని ముల్తాయిలో పుట్టి, సుమారు 724 కిలోమీటర్ల ప్రయాణంలో దక్కను నల్లరాతిని కోసుకుంటూ వస్తుంది. 6 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఆ లావా రాతిలో మాగ్నటైటు వంటి ఇనుప ఖనిజాలు ఉంటాయి. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సేకరించిన ఇసుకపై తిప్పి చూపండి. కొన్ని నల్లని రేణువులు ఎగిరి అంటుకుంటాయి. పిల్లలకు భూగర్భశాస్త్రంలో అదే తొలి పాఠం.

కర్మాగారంలో యంత్రం విప్పేముందు ఏ పని ముందో, ఏది తరువాతో వ్రాసుకుంటాము. ఇంటి పనికి అంత శ్రద్ధ అనవసరమని అనుకుంటాము. ఇప్పుడు డుమస్ నుండి వచ్చిన మరునాడు కారు ఎండలో నిలుస్తుంది, బకెట్టు స్నానాలగదిలోనే ఉంటుంది. బండి కదిలేముందు నాలుగు బెల్టులూ టిక్కుమన్నాయో లేదో లెక్కపెట్టే బాధ్యత మా మనవరాలిది.