కడప నుండి కాన్సస్‌కు



మిషనరీ అనగానే మనకు పడమటి దేశముల దొరలే గుర్తుకు వస్తారు. 1822లో లండన్ మిషనరీ సంఘము కడపలో పని ప్రారంభించిన నాటినుండి మన పెద్దలు చూచినది అదే గదా. ఈ నెల ఎదురు దారిన వెళ్ళిన ఒక దైవజనుని గూర్చి వ్రాస్తున్నాను. ఆయన కథోలిక గురువు. "మనవాడు కాడే" అని కొందరనవచ్చును. కాని ఆయన మన కడప మేత్రాసనపు గురువు.

ఫాదర్ అరుల్ కారసాల 1994లో కడప మేత్రాసనమునకు గురువుగా అభిషేకము పొందారు. మన రాజంపేట కూడ ఆ మేత్రాసనములోనిదే. అమెరికాలో గురువుల కొరత ఉన్నందున, 2004లో కాన్సస్ రాష్ట్రమునకు వెళ్ళారు. 2011 నుండి సెనెకా అను చిన్న ఊరిలో పేతురు పౌలుల దేవాలయమునకు కాపరిగా ఉన్నారు. ఆ యేడే అమెరికా పౌరసత్వము కూడ తీసుకున్నారు.

అమెరికా అనగానే మనము డాలర్లనే లెక్కపెడతాము. ఆయన వెళ్ళినది పెద్ద పట్టణమునకు కాదు, సేద్యము చేసుకొను పల్లె జనము మధ్యకు. అక్కడి పిల్లలకు బాప్తిస్మమిచ్చినది, వృద్ధులను సమాధిచేసినది కడపనుండి వెళ్ళిన ఈ మనిషే.

2025 ఏప్రిల్ 3న గురువుల నివాసమునొద్దనే ఆయనను తుపాకితో కాల్చి చంపారు. వయస్సు 57. మరొక రాష్ట్రమునకు చెందిన ఒక వ్యక్తిపై హత్యానేరము మోపబడినది.

హతసాక్షి అందామా? విశ్వాసముమీది ద్వేషముచేత చంపబడినవారికే, అదియు దీర్ఘ విచారణ తరువాతనే, కథోలిక సంఘము ఆ పేరు ఇస్తుంది. కనుక మనము తొందరపడరాదు. అయితే మన బైబిలులో సాక్షి అను మాటకు మూలమైన గ్రీకు పదమునుండే ఆ పేరు పుట్టినది. ఆ అర్థములో ఆయన తుపాకి ప్రేలకమునుపే ఇరువదియేండ్లు అక్కడ సాక్షి.

మన ప్రాంతములో కువైట్‌కు బిడ్డను పంపిన ఇండ్లు ఎన్నో. పరదేశమునుండి వేళకాని వేళ ఫోను మ్రోగితే తల్లి గుండె ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన బంధువులను, కాపరిని పోగొట్టుకొన్న సెనెకా సంఘమును ఈ నెల కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనండి. ఆ నిందితుని కొరకు కూడ ప్రార్థించుమని వ్రాయుటకు నా కలము వెనుకాడినది. స్తెఫను తన మీద రాళ్ళు రువ్వినవారి కొరకే మోకాళ్ళూని ప్రార్థించాడు గనుక, వ్రాస్తున్నాను.