డాక్టర్ మా నాయినకు జెప్తే?

మొన్న రాత్రి ఒక తమ్ముడు ఫోన్ జేసిండు. 'అన్నా, నిద్ర పడ్తలేదు, బతకబుద్ధైతలేదు' అన్నడు. వానికి మొగోళ్లంటేనే ఇష్టం. దవాఖానకు పొమ్మంటే, 'డాక్టర్ మా నాయినకు జెప్తే?' అన్నడు.

ఆ భయమే వైద్యం అందకుండ జేస్తున్నది. స్వలింగ ప్రేమను 1990లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలకెల్లి తీసేసింది. 2018ల సుప్రీంకోర్టు నేరం కాదన్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే, ఎవల్ని ప్రేమించినా వివక్ష లేకుండ వైద్యం జెయ్యాలె, రోగి గుట్టు బయటపెట్టొద్దు అంటున్నది.

కని ఊర్లల్ల ఇప్పటికీ 'పెండ్లి జేస్తే సక్కగైతడు' అన్నదే మందు. దాంతోని ఇంకో ఆడపిల్ల బతుకు గూడ ఆగమైతది. చికిత్స గావాల్సింది కుంగుబాటుకు, ప్రేమకు గాదు.

తమ్మీ, సర్కారు టెలి మానస్ 14416కు ఫోన్ జెయ్యి. పగలైనా రాత్రైనా తెలుగులనే మాట్లాడొచ్చు, పైస ఖర్చు లేదు. నీ దోస్తే నీకు జెప్పుకుంటే, ముందుగాల ఇను.