పేటెంట్ ఎగ్జామినర్ మాటని సాగదీసి చదివితే మనకే మంచిది

'ఫలానా కంపెనీ ఫోల్డబుల్ ఫోన్‌కి పేటెంట్ తీసుకుంది' అని వార్త రాగానే అందరూ బొమ్మలు చూస్తారు. నేను నేరుగా క్లెయిమ్స్ చూస్తాను. హక్కు వచ్చేది బొమ్మకి కాదు, ఆ నాలుగు లైన్లకే.

అమెరికా పేటెంట్ ఆఫీస్‌లో ఎగ్జామినర్ క్లెయిమ్‌లోని ప్రతి పదానికీ సమంజసమైనంత మేరకు అతి విశాలమైన అర్థం తీసుకుంటారు. ఉదాహరణకి 'రెండు భాగాలను కలిపే హింజ్' అని మాత్రమే రాశారనుకోండి. పాత ఫ్లిప్ ఫోన్ హింజ్, ల్యాప్‌టాప్ హింజ్ కూడా అందులోకి వచ్చేస్తాయి. ఇంకేముంది, రిజెక్ట్! 'అయ్యో, మేం చెప్పింది గేర్లున్న మా హింజ్ గురించండీ' అంటే, 'అయితే ఆ గేర్ల సంగతి క్లెయిమ్‌లోనే రాయండి' అంటారు. బొమ్మలో గేర్లు కనిపిస్తే చాలదు.

ఇది అన్యాయమని గొడవపడేవాళ్లున్నారు. నాకైతే ఇదే కరెక్ట్ అనిపిస్తుంది. అప్లికేషన్ దశలో పదం మార్చుకోవడం తేలిక. అదే వదులు పదంతో పేటెంట్ చేతికొస్తే, రేపు ఇంకో కంపెనీ ఫోన్ మీద కేసు వేయడానికి పనికొస్తుంది. ఆ లాయర్ల ఖర్చు, రాయల్టీ చివరికి మనం కొనే ఫోన్ రేటులోకే చేరొచ్చు.

విశాలం అన్నారు కదా అని ఇష్టమొచ్చినట్టు చదవడం కుదరదు. 2012లో గార్మిన్ సవాలు చేసిన క్వోజో కంపెనీ పేటెంట్ చూడండి. కారు స్పీడ్ లిమిట్ దాటిందని డ్రైవర్‌కి చూపించే పరికరం అది. స్పీడోమీటర్, రంగుల డిస్‌ప్లే 'ఒకే యూనిట్‌గా జతచేసి' ఉండాలన్న మాట దగ్గరే పేచీ. రెండూ ఒకే ఎల్‌సీడీలో ఉన్నా ఆ మాట కిందికే వస్తుందని క్వోజో వాదన. పేటెంట్ ఆఫీస్ బోర్డు ఒప్పుకోలేదు. జతచేయాలంటే ముందు విడివిడి భాగాలుండాలి కదా! మూడు క్లెయిమ్స్ ఎగిరిపోయాయి. ఇలాంటి రివ్యూల్లోనూ విశాలమైన అర్థం తీసుకోవచ్చని 2016లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

2018 నవంబర్ నుంచి వేసిన రివ్యూలకి మాత్రం కోర్టులు వాడే పద్ధతే పెట్టారు. గ్రాంట్ అయ్యాక పదాలు మార్చుకోవడం కష్టం కాబట్టి దానికి నేను అభ్యంతరం చెప్పను. కొత్త అప్లికేషన్లకి విశాలమైన అర్థమే కొనసాగుతోంది, అది కదిలించకూడదు.

అందుకే ఈసారి పేటెంట్ లీక్ చూసినప్పుడు అది అప్లికేషనా, గ్రాంట్ అయిన పేటెంటా అన్నది ముందు చూడండి. అప్లికేషన్ అయితే ఆ మాటల్లో ఎన్ని మిగులుతాయో ఇంకా తేలలేదన్నమాట.