చదివే గొంతు – వినే మనసు

పాఠ్యభాగ ఉద్దేశం: పుస్తకాన్ని కంటితో చదవడమే కాక చెవితో వినే అలవాటు నేడు విస్తరిస్తున్నది. వినే పుస్తకానికి ప్రాణం పోసేది దానిని చదివి వినిపించే వ్యక్తి వాచకం. ఆ వాచకం విలువను, దాని పట్ల పాలమూరు ప్రాంతపు యువతకు గల బాధ్యతను తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పలుకు ముందు పుట్టింది. లిపి తరువాత వచ్చింది. వేదానికి ‘శ్రుతి’ అని పేరు. అంటే వినబడినది అని అర్థం. గొప్ప పండితుణ్ణి మన పెద్దలు ‘బహుశ్రుతుడు’ అన్నారు. ఎక్కువగా చదివినవాడు అనలేదు, ఎక్కువగా విన్నవాడు అన్నారు. పద్యం బాగా వచ్చినవానికి అది ‘నోటికి వచ్చు’నని, ‘కంఠస్థ’మని చెప్పుకొంటాం. విద్యకు సంబంధించిన మాటలు నోటినీ, చెవినీ, గొంతునూ ఇంతగా ఆశ్రయించి ఉండటం కాకతాళీయం కాదు. మన జాతి శతాబ్దాల తరబడి చెవి ద్వారానే చదువుకొన్నది.

ఈ ప్రాచీనమైన అలవాటే నేడు ‘ఆడియో పుస్తకం’ రూపంలో మళ్ళీ మన ముందుకు వచ్చింది. అచ్చయిన కథనో, నవలనో, చరిత్ర గ్రంథాన్నో ఒక వ్యక్తి ఆసాంతం చదివి ధ్వనిముద్రణ చేస్తే అది శ్రవణ పుస్తకం అవుతుంది. ఒకప్పుడు క్యాసెట్లకు, సీడీలకు పరిమితమైన ఈ పుస్తకం ఇప్పుడు సెల్‌ఫోనులో ఒదిగింది. నాగర్‌కర్నూలు నుండి హైదరాబాదుకు బస్సులో ప్రయాణించే విద్యార్థి, వంటింట్లో పనిచేసుకొనే గృహిణి, చూపు మందగించిన తాత, కళ్ళనూ చేతులనూ మగ్గానికి అప్పగించి చీర నేసే గద్వాల నేత కార్మికుడు – వీరందరికీ తీరికగా ఉండేది చెవి ఒక్కటే. ఆ చెవికి పుస్తకాన్ని అందించడం చిన్న మేలు కాదు. అయితే ఆ మేలు రచయిత కలంలో ఎంత ఉన్నదో, చదివి వినిపించే వాచకుని గొంతులోనూ అంతే ఉన్నది. ఈ సంగతిని మనం తగినంతగా గుర్తించడం లేదని నా అభిప్రాయం.

వినడం చదవడంతో సమానం కాదనీ, అది సోమరుల మార్గమనీ కొందరు ఆక్షేపిస్తారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అచ్చు పుటలో అర్థం కాని వాక్యం దగ్గర ఆగవచ్చు, వెనుకకు వెళ్ళవచ్చు, అంచున గీత గీసుకోవచ్చు. అక్షరాల పొందిక కంటికి అలవడుతుంది. గణితాన్నీ, వ్యాకరణ సూత్రాలనూ కేవలం వినికిడితో నేర్వడం కష్టం. కానీ కథ, నాటకం, ఆత్మకథ, పద్యం అట్టివి కావు. యతిప్రాసలు ఏర్పడినది చెవి కోసమే. పద్యాన్ని మౌనంగా చదివినవానికి దాని అర్థం అందవచ్చు గాని, దాని నడక అందదు. కాబట్టి పఠనం, శ్రవణం ఒకదానికొకటి పోటీ కావు. ఒకటి విడిచిన చోటును మరొకటి పూరిస్తుంది.

శ్రవణ పుస్తకం వినోదం కోసం పుట్టినది కాదని కూడా మనం గుర్తుంచుకోవాలి. థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనుగొన్నాడు. మరుసటి ఏడాదే ఆ యంత్రం వల్ల కలిగే ప్రయోజనాలను వివరిస్తూ, చూపులేనివారి కోసం మాట్లాడే పుస్తకాలను వాటిలో చేర్చాడు. ఆ ఊహ ఫలించడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. అమెరికాలో 1934లో, బ్రిటన్‌లో 1935లో అంధుల కోసం ఇట్టి పుస్తకాలు గ్రామఫోను రికార్డులుగా అందుబాటులోకి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు అవి ఆసరా అయ్యాయి. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ, వికలాంగులకు అనువైన రూపాల్లో పుస్తకాలను తయారుచేసి అందించే వీలు కల్పించింది. అదే ఆశయంతో 2013లో రూపొందిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వెలసింది. చూపులేని విద్యార్థికి చదివే గొంతే పుట, అదే అక్షరం. ఆ గొంతు తడబడితే అతనికి పుస్తకమే తడబడినట్లు.

గొంతు అర్థాన్ని ఎట్లా నిర్ణయిస్తుందో ఒక చిన్న ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ‘ఎంత మంచివాడివి’ అనే మాటను తీసుకోండి. తల్లి కొడుకుతో అంటే అది మురిపెం. మోసపోయిన స్నేహితుడు అంటే ఎత్తిపొడుపు. గతించిన మిత్రుణ్ణి తలచుకొని అంటే శోకం. అచ్చులో మూడింటికీ అక్షరాలు అవే. కంటితో చదివేటప్పుడు సందర్భాన్ని బట్టి ఆ స్వరాన్ని పాఠకుడే ఊహించుకొంటాడు. వినేటప్పుడు ఆ నిర్ణయాన్ని వాచకుడు తీసుకొంటాడు. ఎక్కడ ఆగాలి, ఏ మాటను ఒత్తి పలకాలి, ఎక్కడ వేగం తగ్గించాలి, ఏ పాత్రకు ఎట్టి గొంతు ఇవ్వాలి – ఇట్టి నిర్ణయాలు ప్రతి పుటలోనూ ఎదురవుతాయి. అందుచేత వాచకుడు అక్షరాన్ని శబ్దంగా మార్చే పనివాడు మాత్రమే కాడు, అతడు వ్యాఖ్యాత. కాళిదాస కావ్యాలకు మల్లినాథుడు కలంతో చేసిన సేవను ఇతడు కంఠంతో చేస్తాడు.

తెలుగువారందరూ ఎరిగిన ఉదాహరణ ఘంటసాల వేంకటేశ్వరరావు గానం చేసిన భగవద్గీత. 1974లో కన్నుమూసిన ఆ మహాగాయకుడు తన జీవితపు చివరి దశలో దానిని రికార్డు చేశారు. శ్లోకాన్ని రాగయుక్తంగా పాడి, తాత్పర్యాన్ని తెలుగు వచనంలో నెమ్మదిగా చెప్పారు. పాటలో ఎంత ఆర్ద్రత ఉన్నదో, తాత్పర్యంలో అంత నిగ్రహం ఉన్నది. సంస్కృతం రాని ఎందరికో గీత అంటే ఆ గొంతే. కాలక్రమంలో ఆ రికార్డును మరణం సంభవించిన ఇళ్ళ వద్ద వినిపించడం అనేక ఊళ్ళలో ఆచారమైంది. దానితో యుద్ధభూమిలో కర్తవ్యాన్ని బోధించిన గ్రంథం చాలామందికి మృత్యువును గుర్తుచేసే గ్రంథమైంది. ఇందులో గాయకుని దోషం ఏమీ లేదు. ఒక గ్రంథానికి ఒక గొంతు అంటుకొంటే, ఆ గొంతు వినబడిన సందర్భం కూడా దానికి అంటుకొంటుందని ఇది తెలుపుతున్నది. వాచకుని గళానికి ఉన్న శక్తి అంతటిది.

ఈ శక్తి పాలమూరు నేలకు కొత్తది కాదు. 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు చెవికోసం పుట్టిన సాహిత్యానికి పుట్టినిళ్ళు. 13వ శతాబ్దినాటి రంగనాథ రామాయణానికి కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి, వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశానికి చెందినవాడు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే ఆ వర్ధమానపురం. ఆ కావ్యం ద్విపదలో నడిచింది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిస్తే ఒక పాదం. అట్టి రెండు పాదాలు ఒక ద్విపద. పాడుకోవడానికి, విని గుర్తుంచుకోవడానికి ఎంతో అనువైన ఛందస్సు ఇది. అందుకే తోలుబొమ్మలాట కళాకారులు ఆ కావ్యాన్ని తమ ఆటకు ఆధారం చేసుకొన్నారు. తెర వెనుక నిలిచిన కళాకారుని గొంతు ఒక క్షణం రావణుని గర్జనగా, మరుక్షణం జాలిమాటగా మారవలసి వచ్చేది. బొమ్మకు కదలికను చేయి ఇస్తే, ప్రాణాన్ని గొంతు ఇచ్చింది.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు సాహిత్య పోషణకు పేరుగాంచాయి. గద్వాలను ‘విద్వద్గద్వాల’ అని పిలుచుకొన్నారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు మొదలైన సంస్థానాలను దర్శించారు. వారు పేరుగాంచిన అవధానంలో పద్యం కాగితం మీద కాక గొంతులో పుడుతుంది. చివర ధారణ జరిగేవరకు అది అవధాని జ్ఞాపకంలోనూ, సభాసదుల చెవిలోనూ నిలిచి ఉంటుంది. పల్లెలలో పౌరాణికులు ఉండేవారు. గుడి మండపంలోనో, రచ్చబండ మీదనో ఒకరు పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. అక్షరం రాని రైతుకు భాగవతం దక్కింది ఆ గొంతుల వల్లనే.

ఆస్థానాలకు వెలుపల మరొక సంప్రదాయం కొనసాగింది. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరను వాయిస్తూ వీరగాథలు గానం చేసిన కళాకారుడు. 2022లో ఆయనను పద్మశ్రీ పురస్కారం వరించింది. ఆయన పాడిన గాథలలో పండుగ సాయన్న కథ ఒకటి. ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టిన వీరునిగా పాలమూరు ప్రజలు సాయన్నను తలచుకొంటారు. ఆ కథను అచ్చు వేస్తే సంఘటనలు మిగులుతాయి. కానీ కిన్నెర ఆగిన చోట కలిగే నిశ్శబ్దం, వీరుని పేరు పలకడంలోని చనువు, అన్యాయాన్ని చెప్పేటప్పుడు గొంతులో పుట్టే జీర అచ్చులో మిగలవు. గౌరారంలో జన్మించిన గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఆయన పాటను ఆయన నోట విన్నవారు తరువాత పుస్తకం తెరిచినా, అక్షరాల వెనుక ఆ గొంతునే వింటారు.

మరి మంచి వాచకుని లక్షణాలు ఏవి? ముందుగా ఉచ్చారణ శుద్ధి. ‘కళ’ను ‘కల’ అని పలికితే విద్య కాస్తా స్వప్నం అవుతుంది. రెండవది అవగాహన. వాక్యం ముగింపు తెలిసినవాడే దాని ప్రారంభాన్ని సరిగా పలుకగలడు. దీర్ఘసమాసాన్ని ఎక్కడ విరవాలో అర్థం తెలిస్తేనే తెలుస్తుంది. మూడవది నిగ్రహం. ప్రతి వాక్యానికీ కన్నీరు కలిపి, ప్రతి సన్నివేశానికీ వాద్యఘోష జోడించి, పాత్రలన్నిటినీ రంగస్థలం మీది వేషాలుగా మార్చే వాచకుడు శ్రోత ఊహకు చోటు లేకుండా చేస్తాడు. శ్రోత మనసులో బొమ్మ కట్టవలసినది శ్రోతే. వాచకుడు దీపం పట్టాలి గాని, దారికి అడ్డంగా నిలువరాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది పాత్రల భాష పట్ల గౌరవం. పాలమూరు రైతు నోట ‘వానలు రాకపాయె, ఏం జేసేది’ అని ఒక రచయిత పలికించాడనుకొందాం. వాచకుడు ఆ మాటను సాగదీసి వెక్కిరింపుగా పలికితే, దుఃఖంలో ఉన్న రైతు హాస్యపాత్రగా మారిపోతాడు. రచయిత ఒక్క అక్షరం మార్చకున్నా కథ తలక్రిందులవుతుంది. తెలంగాణ పలుకుబడిని వెండితెర చాలాకాలం నవ్వు కోసమే వాడుకొన్నదని మనకు తెలుసు. ఆ పొరపాటు శ్రవణ పుస్తకంలో జరుగరాదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మాటతీరు వేరు. నల్లమల అంచు పల్లెల మాటతీరు వేరు. వాచకుడు ఆ ఊరివాడే కానక్కరలేదు. కానీ ఆ ఊరి మాటను చెవి పెట్టి విన్నవాడై ఉండాలి.

ఇటీవల కంప్యూటరు కూడా తెలుగును చదివి వినిపిస్తున్నది. వార్తనో, ప్రకటననో, ఎవరూ రికార్డు చేయని పాఠాన్నో అప్పటికప్పుడు వినడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. చూపులేనివారికి అది పెద్ద ఊరట. దానిని నిందించవలసిన పని లేదు. అయితే ‘ఎంత మంచివాడివి’ అన్న మాటను యంత్రం ఎవరితోనూ అనలేదు, ఎవరిచేతా అనిపించుకోలేదు. అనుభవం నుండి వచ్చే స్వరం కావలసిన చోట మనిషి గొంతే కావాలి.

నిజాం రాష్ట్రపు తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు బదులుగా, గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. అందులో 354 మంది కవులకు స్థానం లభించింది. ఆనాడు మన సాహిత్యం ఉన్నదని నిరూపించడానికి అచ్చు అవసరమైంది. ఈనాడు ఆ సాహిత్యం వినబడటానికి గొంతులు అవసరం. ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, 1953లో మరణించారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మన చట్టం ప్రకారం రచయిత గతించిన తరువాత 60 ఏళ్ళకు కాపీరైటు ముగుస్తుంది. కాబట్టి 1949లో వెలువడిన ఆ గ్రంథాన్ని నేడు ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు.

అందుకు గొప్ప స్టూడియో అక్కరలేదు. ఒక సెల్‌ఫోను, తలుపు మూసిన గది, నాలుగుసార్లు చదివి చూసే ఓపిక చాలు. ఒక తరగతి విద్యార్థులు తలా కొన్ని పుటలు పంచుకొంటే ఏడాదిలో ఒక గ్రంథం పూర్తవుతుంది. అందులో వచ్చే పాత ఆటల పేర్లు, వంటకాల పేర్లు ఎట్లా పలకాలో ఇంట్లోని అవ్వను, తాతను అడగాలి. అట్లా అడిగినప్పుడు పుస్తకంలో లేని కథ కూడా ఒకటి దొరకవచ్చు. దానినీ రికార్డు చేయాలి. ఆ గొంతు ఎల్లకాలం ఉండదు.

తన సాహిత్యాన్ని తన నోట పలుకలేని ప్రాంతం, ఇతరులు పలికినట్లే లోకానికి వినబడుతుంది. పాలమూరుకు కవుల కొరత లేదు. కథల కొరత లేదు. ఇక కావలసినది శ్రద్ధగా చదివి వినిపించే గొంతులు. అవి నేడు కళాశాల తరగతి గదుల్లో కూర్చొని ఉన్నాయి.

అభ్యాసం

1. వాచకుణ్ణి ‘వ్యాఖ్యాత’ అని రచయిత ఎందుకన్నారు? సోదాహరణంగా వివరించండి.
2. చెవికోసం పుట్టిన సాహిత్యానికి పాలమూరు ప్రాంతం పుట్టినిల్లు అనే అభిప్రాయాన్ని సమర్థించండి.
3. మంచి వాచకునికి ఉండవలసిన లక్షణాలను పేర్కొనండి.
4. వినడం సోమరుల మార్గమనే వాదంతో మీరు ఏకీభవిస్తారా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.
5. మీ ఇంట్లోని పెద్దలు చెప్పిన ఒక కథను రికార్డు చేసి, తరగతిలో వినిపించండి.